కొండ మీంచి చూసిన అమ్మాయి

"పుస్తకం ఉందా మీ దగ్గర?"

రేవు చివర పడవ తాడు విప్పుతున్న అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. వాన అప్పుడే మొదలైంది. మా లోయలో వాన వచ్చేముందు ఎవరికీ చెప్పదు, వచ్చాక ఎవరి మాటా వినదు. ఎదురుగా నిలబడ్డ యువకుడి టోపీ అంచు నుంచి అప్పుడే నీళ్ళు కారుతున్నాయి.

"ఏ పుస్తకం?"

"నీలం అట్ట పుస్తకం. అందులో ఐసోలా అనే పిచ్చిమాలోకం పోయిన ప్రియుడి కోసం పడవలో ఏడుస్తూ తిరుగుతుంటుంది. అది చదివినవాళ్ళని నేను ఎక్కించుకోను. అవతలి ఒడ్డుకి సరస్సు చుట్టూ నడిచి పొండి. దారి బాగానే ఉంటుంది, బురద తప్ప."

"నా దగ్గర ఏ పుస్తకమూ లేదు," అన్నాడతను.

నిజమే చెప్పాడు. ఆ పుస్తకం వెంట పెట్టుకోవలసిన అవసరం అతనికి లేదు. రాసింది అతనే.

"మరి ఏం పని మీద వచ్చారు?"

అతను చుట్టూ చూశాడు. రేవు రాళ్ళ మీద పచ్చగా కనబడింది.

"నాచు. నాచు రకాలు పోగుచేస్తాను. పేరు... వెబ్."

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి చూసింది. బూడిదరంగు కళ్ళు, తడిసి నుదుటికి అతుక్కున్న జుట్టు. "ఆ టోపీ చూస్తే లండన్ మనిషిలా ఉన్నారు, అక్కడ నాచు అయిపోయిందా ఏమిటి? ఎక్కండి నాచుదొరగారూ. నిలబడకండి, మధ్యలో కూర్చోండి."

అతని అసలు పేరు జెర్వేస్ లిన్లీ. రెండేళ్ళ కిందట ఒక ఎండాకాలం సాయంత్రం ఎదుటి కొండ మీంచి కిందికి చూస్తే, ఎల్డర్‌మియర్ సరస్సులో ఒక అమ్మాయి ఒంటరిగా పడవ వేసుకుని లంకవైపు వెళ్తోంది. ముఖం కూడా కనబడలేదు. ఆ రాత్రే లండన్ బయల్దేరి, దారి పొడుగునా రాసుకుంటూ పోయాడు. ప్రేమ దూరంలోనే బతుకుతుందని, దగ్గరికి వస్తే అది వట్టి ఆప్యాయతగా మారిపోతుందని, ఆప్యాయత అంటే ప్రేమకు వచ్చే ముసలితనమని రాశాడు. దేశమంతా ఆ కవిత్వం చదివి కళ్ళు తుడుచుకుంది. అతనికి మాత్రం ఆ తరవాత ఒక్క పంక్తి కూడా రాలేదు. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాడు. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ ఊళ్ళోంచి ఈ ఊళ్ళోకి తిరిగి తిరిగి, చివరికి మళ్ళీ ఈ సరస్సు దగ్గరికి వచ్చిపడ్డాడు.

పడవ కదిలింది.

"ఇంతకీ ఆ కవి మీకేం అపకారం చేశాడు?" అని అడిగాడు, వీలైనంత మామూలుగా.

"ఏం చేశాడా? ఆ ఐసోలా నేనేనట! ఈ సరస్సులో పడవ నడిపే ఆడపిల్లని నేనొక్కదాన్నే కదా మరి. ఎక్కడెక్కడి జనమో బళ్ళు కట్టుకుని వస్తారు. నా వంక గుడ్లప్పగించి చూస్తారు. పడవలోకి పూలు విసురుతారు. పోయినవారం ఒకావిడ, 'కాస్త ఏడుస్తావా తల్లీ, చూసి వెళ్తాం' అంది."

"ఏడ్చారా?"

"తెడ్డుతో నీళ్ళు చిమ్మాను. ఇద్దరం తడిశాం."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "మరి ఆ రోజు... అంటే, ఆ కవి చూసిన రోజు, మీరు లంకకి ఎందుకు వెళ్తున్నారు?"

"ఎందుకేమిటి, బిషప్‌కి గడ్డి వెయ్యడానికి!"

"బిషప్పా?"

"మా పొట్టేలు. ఆడగొర్రెల్లో కలవకుండా చలికాలం ముందువరకూ లంక మీద ఉంచుతాం. ముందు ఆశీర్వదిస్తున్నట్టు చూస్తుంది, తరవాత కుమ్ముతుంది. అందుకని ఆ పేరు." ఆమె గట్టిగా తెడ్డు లాగింది. "దూరం నుంచి చూస్తే గొర్రె కూడా మేఘంలాగే ఉంటుంది దొరగారూ. ఆ కవి కొండ దిగి వచ్చి, 'అమ్మాయ్, ఎక్కడికి?' అని ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

జెర్వేస్ కుదురుగా కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

"కూర్చోండీ!"

పడవ పక్కకి ఒరిగింది. ఆమె అతని కోటు పట్టుకుని కిందికి లాగింది. ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలోకి వచ్చాయి. ఆమె ముక్కు మీద ఒక వానచుక్క ఆగి ఉంది. అదెప్పుడు జారుతుందా అని చూస్తూ అతను ఉండిపోయాడు.

"ఏమిటలా చూస్తున్నారు? నా ముఖం మీద కూడా నాచుందా?"

ఆమె పేరు టామర్ బర్కెట్. తండ్రి జోనస్, ఆ రేవుకి పడవవాడు. తుంటి నొప్పి వల్ల తెడ్డు పట్టలేకపోతే, కూతురు పట్టింది. పడవల కొట్టం మీద ఉన్న అటకగదిని జోనస్ కొత్తగా వచ్చిన నాచుదొరకి అద్దెకిచ్చాడు. రెండు రోజులుండి పోదామనుకున్న మనిషి, నెల దాటినా కదలలేదు.

కదలలేదంటే ఊళ్ళోంచి కదలలేదని. ఊళ్ళో మాత్రం అతని కాళ్ళు నిలిచేవి కావు. రేవు మీద అటూ ఇటూ పచార్లు, భోజనం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి.

"ఆ బల్ల కింద ఏమైనా కుడుతోందా మిమ్మల్ని?" అనేది టామర్. "నాన్నా, ఈయన్ని ఒక కొసకి కట్టేస్తే మన పడవ దానంతటదే ఊగుతుంది."

"ఊరుకో అమ్మీ. బాబు చదువుకున్నవాడు. ఆలోచన కాళ్ళలోకి దిగుతుంది వాళ్ళకి," అనేవాడు జోనస్, ఓట్స్ జావ కలుపుకుంటూ.

ఊరికే తిరగడమెందుకని టామర్ పని చెప్పింది. పడవ బోర్లించి పాత తారు గీకడం నేర్పింది. పగుళ్ళలో జనపనార కూరడం నేర్పింది. అతని చేతులు బొబ్బలెక్కితే ఆమె గొర్రెకొవ్వు తెచ్చి రాసింది. రాస్తూ తిట్టింది.

"గీకమన్నాను గానీ చెక్కమన్నానా? ఏ నాచు ఏమిటో ఒక్కటైనా తెలుసా అసలు మీకు? మొన్న మా పెరట్లో పుదీనా చూసి అరుదైన రకమన్నారు."

"వాన పడి వాసన తెలియలేదు."

"కళ్ళక్కూడా వాన పట్టిందా?"

ప్రతిరోజూ నిజం చెప్పేద్దామనుకునేవాడు. ప్రతిరోజూ ఆమె ఏదో ఒకటి అని నవ్వించేది. ఆ నవ్వు పోగొట్టుకోవడానికి ధైర్యం చాలక, రేపు చెబుదామని ఊరుకునేవాడు.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం, కొట్టంలో వల బాగుచేస్తూ టామర్ హఠాత్తుగా అంది: "నేను లివర్‌పూల్ వెళ్ళిపోతున్నాను. మా అత్తకి అక్కడ బట్టలకొట్టుంది."

అతని చేతిలోంచి తారుకుంచె జారింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి? నలుగురూ వచ్చి చూసిపోయే బొమ్మలా ఎన్నాళ్ళుండను? చర్చిలో కూడా నా వెనక వరసలో చోటు కోసం తోసుకుంటున్నారు. కొత్త పాదిరీగారి తల్లి, 'పోయిన ప్రియుడి కోసం ఏడ్చే పిల్లని మావాడు ఎలా చేసుకుంటాడు' అందట. ఆయన్ని నేను చేసుకుంటానని ఎవరన్నారని? అది వేరే సంగతి. లేని ప్రియుణ్ణి అంటగట్టాక కాదని నేను ఎవరితో వాదించను?" సూది ఒకచోట ఆగింది. "నీళ్ళ చప్పుడు లేకుండా నాకు నిద్ర పట్టదు. అయినా వెళ్ళాలి."

"టామర్..." అన్నాడు. "మీకొక మాట చెప్పాలి."

బయట బండి ఆగిన చప్పుడైంది. ఆడవాళ్ళ గొంతులు. రేవు గంట ఎవరో ఆత్రంగా మోగించారు.

వచ్చినవాళ్ళు నలుగురు, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళ అన్న, ఒక పెద్దావిడ. ముందు నడిచే పెద్దావిడ సంతాపపు నల్లబట్టల్లో ఉంది. పుస్తకాలు లేవని ఒట్టేశారు. టామర్ నమ్మి ఎక్కించుకుంది. రెండో తెడ్డుకి జెర్వేస్ కూర్చున్నాడు. సరస్సు సగం దాటేసరికి పెద్దావిడ అతని ముఖంలోకి వంగి చూసి చప్పట్లు కొట్టింది.

"మిస్టర్ లిన్లీ! మీరు మిస్టర్ లిన్లీ కదూ? లండన్‌లో మీరు చదువుతుంటే విన్నాను. అయ్యో, మీ ఐసోలా దగ్గరికి తిరిగి వచ్చేశారా! పిల్లలూ, చూడండి, ఇద్దరూ ఒకే పడవలో!"

టామర్ తెడ్డు ఆపింది. ఆమె అతని వంక చూసింది. కోపంగా చూసి ఉంటే అతను తట్టుకునేవాడు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"టామర్, నేను..."

"తెడ్డు వదలండి."

ఆమె పడవని లంకవైపు తిప్పింది. ఒడ్డుకి ఆనించి, "దిగండి. ఐసోలా రోజూ వచ్చే చోటు ఇదే. చూడాలని కదా వచ్చారు," అంది. నలుగురూ మురిసిపోతూ దిగారు. "మీరూ దిగండి మిస్టర్ లిన్లీ."

అందరూ దిగాక తెడ్డుతో రాతిని ఒక్క తోపు తోసి వెళ్ళిపోయింది.

పొదల వెనక నుంచి బిషప్ వచ్చి ఆశీర్వదిస్తున్నట్టు చూసింది.

తరవాత కాసేపు ఆ లంక మీద జరిగింది కవిత్వానికి పనికొచ్చేది కాదు. ఇద్దరు ఆడపిల్లలు రాతి మీదికెక్కారు. వాళ్ళ అన్న ముళ్ళపొదలో పడ్డాడు. జెర్వేస్ కోటు విప్పి అడ్డం పట్టుకుని, కొమ్ముల దెబ్బ రెండుసార్లు తిని, చివరికి పొట్టేలుని గడ్డివామి వెనక్కి తోలి తడక మూశాడు. తిరిగి వచ్చేసరికి పెద్దావిడ ఒక దుంగ మీద కూర్చుని వణుకుతోంది. ఆమె పేరు మిసెస్ పామ్‌ఫ్రెట్.

"ఏదైనా చదవండి," అందామె. "ఐసోలా ఇక్కడ కూర్చుని ఏడ్చే ఆ చోటు..."

"ఐసోలా లేదమ్మా," అన్నాడు జెర్వేస్. పక్కటెముకలు నొప్పిగా ఉన్నాయి. "ఒక అమ్మాయి పొట్టేలుకి గడ్డి తెస్తోంది. నేను కొండ మీంచి చూశాను. మిగతాదంతా అల్లాను. ఆ అమ్మాయితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

"మరి ప్రేమ గురించి అంత రాశారే? ఆప్యాయత గురించి?"

"ఏమీ తెలియకుండానే రాశాను."

ఆమె దుంగ మీద కొంచెం జరిగి అతనివైపు తిరిగింది.

"మా ఆయన పోయిన చలికాలంలో పోయారు," అంది. "ఆయన నన్ను చూసి ఏనాడూ నిట్టూర్చలేదు. కవితలు చెప్పలేదు. నాకు చలి ఎక్కువని పక్కమీద నా వైపు ముందు తను పడుకుని వెచ్చబరిచి, తరవాత జరిగేవారు. మీ పుస్తకం చదివాక నాకనిపించింది, అయ్యో, నాకు దొరికింది వట్టి ఆప్యాయతే, ప్రేమ నాకు దొరకనే లేదని. ఆ ఏడాదంతా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనకి కారణం తెలియలేదు. టీ తెచ్చి పక్కన పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయేవారు." ఆమె చేతిరుమాలు వెతుక్కుంది. "అదే ఆయన ఆఖరి ఏడాదని నాకేం తెలుసు?"

జెర్వేస్ ఆమె ముందు తడి గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మీకు దొరికిందమ్మా. చూడలేకపోయింది నేను," అన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసి, పిల్లవాడిని ఓదార్చినట్టు నిమిరింది. దానితో అతనికి కన్నీళ్ళు ఆగలేదు.

మబ్బు కమ్ముకుంటుంటే పడవ వచ్చింది. ఎవరినైనా వానలో వదిలేయడం టామర్ వల్ల కాదు.

"నలుగురూ ఎక్కండి. మీరు రెండో విడత," అంది జెర్వేస్ తో, వేరే దిక్కు చూస్తూ.

రెండో విడతకి చాలాసేపు పట్టింది. వచ్చేసరికి అతను ముద్దగా తడిసి, రాతి మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"మిమ్మల్ని ఇక్కడే వదిలేద్దామన్నాడు నాన్న," అంది.

"మీరేమన్నారు?"

"బిషప్ ఒప్పుకోదన్నాను." ఆమె పడవ దిగలేదు. "ఆ పెద్దావిడ దారంతా చెప్పింది, మీరేమన్నారో. మొదటి రోజే నాతో అని ఉండొచ్చుగా?"

"భయపడ్డాను. మీరు పడవలోంచి తోసేస్తారని మొదట. తరవాత... మీరు నవ్వడం మానేస్తారని."

"నెలా పదిహేను రోజులు నాచు ఏరారు!"

"ఒక్కటి కూడా ఏరలేదు."

ఆమె పెదవి కొద్దిగా వణికింది, నవ్వో ఏడుపో తెలియకుండా. వెంటనే ముఖం గట్టిపరచుకుంది. "క్షమించమని నన్ను అడగకండి. రేపటి నుంచి రేవులో నిలబడండి. ఆ పుస్తకం పట్టుకుని వచ్చే ప్రతివాళ్ళకీ మీ నోటితో చెప్పండి. ఏడ్చే పిల్ల ఇక్కడ లేదని, పొట్టేలు మాత్రం ఉందని."

"ఎన్నాళ్ళు?"

"వాళ్ళు రావడం మానేసేదాకా."

నిలబడ్డాడు. వానలో, ఎండలో, ముసురులో. "ఆ కవిని నేనే. అదంతా కల్పన. జలపాతం అటువైపుంది, చూసి వెళ్ళండి." ఒక పెద్దమనిషి నమ్మలేదు, కవి ఇంకా పొడుగ్గా ఉంటాడని గొడవపడ్డాడు. ఒక కొత్త పెళ్ళికూతురు కోపంతో పుస్తకం అతని మీదికి విసిరింది. లిన్లీకి మతి చలించిందని లండన్‌లో చెప్పుకున్నారు. అతని ప్రచురణకర్త కబురు మీద కబురు పంపాడు. జనం పలచబడ్డారు. పాదిరీగారి తల్లి చర్చి మెట్ల మీద టామర్‌ని పలకరించింది. లివర్‌పూల్ మాట ఎత్తడం టామర్ మానేసింది.

రేవులో పని లేనప్పుడు ఇద్దరూ కొట్టంలో కూర్చుని తారు గీకేవారు. మొదట్లో మౌనంగా. తరవాత ఒకటీ అరా. ఒకసారి వాన జోరుకి కొట్టం కప్పు కారితే, ఒకే గోనెపట్టా కింద ఇద్దరూ నిలబడ్డారు. "ఇది కూడా రాస్తారా?" అంది టామర్.

"రాయను."

"ఎందుకని?"

"కోపమొస్తే మీరు ముడి రెండుసార్లు వేస్తారు. జోనస్‌కి పెట్టే రొట్టెలో మాడిన అంచు మీరు తీసుకుంటారు. పాట సగం పాడి మరిచిపోతారు. ఇవన్నీ తెలిశాక ఏం రాయను?"

ఆమె గోనెపట్టా అతని భుజం మీదికి ఇంకొంచెం లాగింది.

అక్టోబర్ వచ్చింది. కొండలు రాగిరంగుకి తిరిగాయి. వారం పాటు ఒక్క సందర్శకుడూ రాలేదు. విధించిన శిక్ష అయిపోయింది. ఇక్కడ ఉండటానికి అతనికి ఇంకే సాకూ లేదు. మళ్ళీ కాళ్ళు నిలవడం మానేశాయి. అడిగేద్దామా? ఏ ముఖం పెట్టుకుని? ఈ అమ్మాయి బతుకుని రెండేళ్ళు బజారున పెట్టిన మనిషి, ఇప్పుడు ఆమెనే పెళ్ళికి అడగడమా?

పొద్దున జావ తాగుతూ చెప్పాడు. "లండన్ రమ్మంటున్నారు. రేపటి గుర్రాల కోచ్‌లో వెళ్తాను."

జోనస్ తన గిన్నెలోకి చూశాడు. టామర్ లేచి పొయ్యి ఎగదోసింది. "ముందు సీటు అడగండి. వెనక బాగా కుదుపుతుంది," అంది.

ఇంకో మాట కోసం అతను ఎదురుచూశాడు. ఆమె కూడా ఎదురుచూసింది. పొయ్యిలో కట్టెలు చిటపటలాడాయి.

మర్నాడు కోచ్ లోయ దాటి కనుమ ఎక్కడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కువైనచోట గుర్రాలకి బరువు తగ్గించడానికి మామూలుగా అందరూ దిగి నడిచారు. పైకి చేరాక అందరూ ఎక్కారు. జెర్వేస్ తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎక్కుతారా, లేదా?" అన్నాడు తోలేవాడు.

"నేను రాను."

"మీ పెట్టె?"

"దాన్ని వెళ్ళనివ్వండి!"

అప్పటికే పరిగెడుతున్నాడు. రాళ్ళ మీద జారుతూ, చలిగాలి చెవుల్లో హోరుమంటుంటే, ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటూ, పేర్చినవి పారబోసుకుంటూ. రెండో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎవరో ఆయాసపడుతూ ఎక్కి వస్తున్నారు. ఏప్రన్ కూడా విప్పకుండా, జుట్టు చెదిరి, బుగ్గలు కందిపోయి.

ఇద్దరూ ఆగిపోయారు.

"మీరెందుకు వెనక్కి వచ్చారు?" అంది టామర్, కోపంగా.

"మీరెందుకు ఇటొస్తున్నారు?"

"నేను ముందడిగాను!"

"టామర్, నాకు అడిగే హక్కు లేదు. తెలుసు. అయినా..."

"ఆగండి. నన్ను మాట్లాడనివ్వండి. ఇంత కొండ ఎక్కింది ఊరికే తిరిగిపోడానికి కాదు." ఆమె ఊపిరి తీసుకుంది. కళ్ళు నిండాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "నువ్వు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే నాకు చిరాకేసేది. ఇవాళ పొద్దున ఎవరూ తిరగలేదు. ఇల్లు చచ్చినట్టుంది. నాన్న రెండుసార్లు మెట్లవైపు చూశాడు. ఇక నా వల్ల కాలేదు. ఉండిపో."

అతనికి వినిపించింది. ఆ 'నువ్వు' కూడా వినిపించింది.

"ఉంటాను," అన్నాడు. "నిన్ను ప్రేమిస్తున్నానని చెప్పాలని వచ్చాను. ఎలా చెప్పాలో దారిలో చాలా అనుకున్నాను, ఒక్కటీ గుర్తు లేదు."

"ఇప్పుడు చెప్పావుగా. బానే ఉంది."

ఆమె నవ్వుతూ ఏడుస్తుంటే అతను తన చేతిరుమాలు ఇవ్వబోయాడు. అది తీసుకోకుండా ఆమె అతని కోటులో ముఖం దాచుకుంది. కింద సరస్సు మీద ఎండ పడింది. వాళ్ళిద్దరూ అటు చూడలేదు.

ఇల్లు చేరేసరికి జోనస్ గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరి చేతులూ కలిసి ఉండటం చూశాడు. ఎటో చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఎవరు అడిగారు? నువ్వా, బాబా?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒకరి వంక ఒకరు చురుగ్గా చూసుకున్నారు.

"నేను కొండెక్కాను నాన్నా!"

"నేను కోచ్ వదిలేశాను!"

జోనస్ తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"సరేలే, ఆ పోట్లాటేదో లోపలికొచ్చి పెట్టుకోండి. మీకింకా బోలెడు ఏళ్ళున్నాయి. జావ చల్లారిపోతోంది."